కొమ్ముల్ని సాగదీయకుండా, జింకను కించపరచకుండా: వేట ఫోటో ఎలా తీసుకోవాలి

టెక్సస్‌లో వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకల సాధారణ తుపాకీ వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఆ రోజు మధ్యాహ్నానికల్లా నా ఫోన్ ఫోటోలతో నిండిపోతుంది. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలో వేటకి వెళ్లేవాళ్లు నాకు తెలిసే పదిమంది దాకా ఉన్నారు, వాళ్ల స్నేహితులు వేరే. ఆ ఫోటోలు కొన్ని చూస్తే సంతోషమేస్తుంది, కొన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ట్రక్కు వెనక తలకిందులుగా పడేసిన జింక, బయటికి వేలాడే నాలుక, చుట్టూ రక్తం, పక్కనే కూల్ డ్రింకుల డబ్బాలు, జింక డొక్క మీద కాలు పెట్టి నిలబడ్డ మనిషి. ఇంకో రకం ఏమిటంటే, చేతులు చాచి కొమ్ముల్ని కెమెరా మొహం మీదికి నెట్టి, ఏడాదిన్నర వయసు మగజింకని ఏనుగంత చేసి చూపించేది.

నేను ఎనిమిది సీజన్లుగా మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీ అనే కొండప్రాంతంలో ఒక లీజు మీద, అంటే వేట కోసం అద్దెకి తీసుకున్న భూమిలో, వేటాడుతున్నాను. నాకు తెలిసింది రెండే విషయాలు. జింక మీ కళ్ల ముందు ఎంత ఉందో ఫోటోలోనూ అంతే ఉండాలి. ఆ ఫోటో చూసినవాళ్లకి, దీన్ని చంపిన మనిషి దీన్ని మర్యాదగా చూసుకున్నాడని అర్థం కావాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక లీటరు నీళ్ల సీసా, పాత తువ్వాలు ఒకటి, వెట్ వైప్స్ ప్యాకెట్, రబ్బరు గ్లౌజులు, వాడిన వైప్స్ వేసుకోవడానికి ఒక జిప్ కవరు, హెడ్‌ల్యాంప్. ఫోన్ చార్జింగ్ నింపుకోండి, లెన్స్ తుడుచుకోండి. జేబులో రోజంతా నలిగిన ఫోన్ లెన్స్ మీద వేలి జిడ్డు పడితే ఫోటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది, అదేదో వెలుతురు లోపం అనుకుంటాం. ఒక్కరే వెళ్తుంటే చిన్న ట్రైపాడ్ పెట్టుకోండి, పది సెకన్ల టైమర్ ఎలా పెట్టాలో ఇంట్లోనే చూసుకోండి. అక్కడికి వెళ్లాక చేతులు వణుకుతాయి, ఆ టెన్షన్‌లో ఏ బటన్ ఎక్కడుందో గుర్తురాదు.

జింక పడ్డాక, కెమెరా తీసేముందు

తూటా తగిలిన వెంటనే పరిగెత్తకండి. పడ్డట్టు కనిపించినా కాసేపు ఆగండి. కళ్ల ముందు పడకుండా పొదల్లోకి వెళ్లిపోతే కనీసం అరగంట ఆగాలి. దగ్గరికి వెళ్లేటప్పుడు వెనక వైపు నుంచి వెళ్లి, పొడుగాటి కర్రతో కంటి గుడ్డుని తాకి చూడండి. రెప్ప కదలకపోతేనే అయిపోయినట్టు. చచ్చిందనుకుని కొమ్ము పట్టుకుంటే లేచి తన్నిన జింకలున్నాయి. ఇంకా ప్రాణం ఉంటే అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, దాని బాధ త్వరగా ముగించడం. ఆ సమయంలో ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. ఈ మాట నేను మా గుంపులో ప్రతి కొత్తవాళ్లకీ మొదటే చెబుతాను.

తర్వాత రైఫిల్. గుండ్లు తీసేసి, బోల్ట్ వెనక్కి లాగి, చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, వేలు పెట్టి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాత ట్యాగ్, అంటే లైసెన్సుతో పాటు వచ్చే, ఈ జింక మీదని తెలిపే చీటీ. కాగితం లైసెన్సు ఉన్నవాళ్లు ట్యాగ్ మీద నెల, తేదీ కత్తిరించి అక్కడికక్కడే జింకకి కట్టాలి. డిజిటల్ లైసెన్సు ఉన్నవాళ్లు యాప్‌లో అప్పుడే రిపోర్టు చేయాలి. ఫోటో అయ్యాక కడదాంలే అనుకోవద్దు, చట్టం అలా లేదు. ఫోటోలో ట్యాగ్ కనిపించినా నష్టం లేదు, నిజానికి అది ఉంటేనే నాకిష్టం. కాకపోతే దాని మీద మీ పేరు, లైసెన్సు నంబరు ఉంటాయి కాబట్టి రాత ఉన్న వైపు లోపలికి తిప్పి పెట్టండి.

ఇదంతా అయ్యాక ఒక్క నిమిషం ఊరికే కూర్చోండి. నేను దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంటాను. ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ నిమిషం గడిచాక తీసిన ఫోటోలో మీ ముఖమే వేరుగా ఉంటుంది.

చోటు

జింక పడ్డ చోటే మంచి చోటు. ట్రక్కు, గరాజ్, క్యాంపులో జింకని వేలాడదీసే కొక్కెం, ప్లాస్టిక్ షీట్ మీద పరచడం, ఇవేవీ వద్దు. అది బతికిన గడ్డిలో, ఆ జునిపర్ చెట్ల మధ్యే దాని ఫోటో ఉండాలి. మరీ ముళ్లపొదలో పడితే పది ఇరవై అడుగులు పక్కకి లాగడంలో తప్పులేదు, లాగేటప్పుడు తల వైపు నుంచి లాగండి, వెంట్రుకలు రేగకుండా ఉంటాయి.

ముందు ఉన్న గడ్డిపరకల్ని చేత్తో అణచండి. స్క్రీన్ మీద అవి కనిపించవు, ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ముట్టె మీదుగా, కంటి మీదుగా గీతల్లా అడ్డం వస్తాయి. కొమ్ముల వెనక ఎండుకొమ్మలు ఉంటే రెండూ ఒకే రంగులో కలిసిపోయి ఏది ఏదో తెలియదు. జింకని కాస్త ఎత్తు మీద ఉంచి, మీరు నేల మీద పడుకుని తీస్తే కొమ్ముల వెనక ఆకాశం వస్తుంది, ఒక్కో పాయింటు, అంటే కొమ్ము మీది ఒక్కో కొస, విడివిడిగా కనిపిస్తుంది. ఫోటో తీసేవాళ్ల మోచేతులకి మట్టి అంటకపోతే ఆ ఫోటో సరిగ్గా తీయనట్టే.

తుడవడం

ఇది మోసం కాదా, రక్తం ఉన్నమాట నిజమే కదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. నేను చెప్పింది ఇది: మన ఇళ్లలో మనిషి పోతే ముఖం తుడిచి, కళ్లు మూసి, చేతులు సర్దుతాం. చావుని దాచడానికి కాదు కదా. ఇదీ అంతే.

మొదట నాలుక. లోపలికి తోసి దవడ మూయండి. నాలుక కోసేసేవాళ్లు కూడా ఉన్నారు, అది నాకు నచ్చదు, అవసరమూ లేదు. ముక్కు రంధ్రాల దగ్గర, పెదవుల అంచున రక్తం, నురగ ఉంటాయి, తడి తువ్వాలుతో వెంట్రుకలు వాలిన దిశలోనే తుడవండి. ముక్కు మీద మట్టి పోతే ఆ నల్లటి తడి మెరుపు మళ్లీ వస్తుంది. కంటి మీద పడ్డ గడ్డినలుసు తీయండి. గాయం ఉన్న వైపు నేలకి ఉండేలా తిప్పండి. అవతలి వైపు కూడా చిల్లుపడి ఉంటే ఒక కాలు ముందుకి జరిపితే కనబడదు. కంప్యూటర్లో కూర్చుని గాయాన్ని చెరిపేయడం మాత్రం వద్దు, తువ్వాలుతో అయ్యేది చాలు.

కాళ్లు నాలుగూ పొట్ట కిందకి మడిచి, జింక పడుకుని నెమరు వేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలా కూర్చోబెట్టండి. కొన్ని గంటలు గడిస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది, ఇక మీరు ఎంత తిప్పినా కాళ్లు కర్రల్లా అడ్డంగా నిలుస్తాయి. కళ్లు కూడా అంతే, కాసేపటికే మసకబారతాయి. అందుకే పొట్ట కోయకముందే, పడ్డచోటే, త్వరగా తీసేయమనేది.

కొమ్ముల లెక్క

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అబద్ధం ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

మీరు చేతులు చాచి జింక తలని కెమెరాకి మూడు అడుగుల దూరంలో పెట్టారనుకోండి, మీ ముఖం ఇంకో రెండు అడుగులు వెనక, అంటే అయిదు అడుగుల దూరంలో ఉంది. ముఖంతో పోలిస్తే కొమ్ములు అయిదు బై మూడు, అంటే ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ పెద్దగా పడతాయి. అదే తీసేవాళ్లు పదిహేను అడుగులు వెనక్కి వెళ్లి, మీరు తల వెనకే ఒక అడుగు దూరంలో ఉంటే, తేడా పదిహేనుకి పదహారు. కంటికి తెలియనంత. లెన్స్ చేసే మాయ కాదిది, దూరం చేసే మాయ. ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఫ్రేము నింపడానికి మనం తెలియకుండానే దగ్గరికి వెళ్తాం, బోల్తా పడేది అక్కడే. కాబట్టి రెండు రెట్లు లేదా మూడు రెట్ల జూమ్ పెట్టి పది పదిహేను అడుగులు వెనక్కి నడవండి. కెమెరా ఉన్నవాళ్లకైతే 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది.

రెండో సంగతి, చెవులు. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఏ మగజింకని కొట్టొచ్చో చెప్పే కొమ్ముల నిబంధన ఉంది. ఒక కొమ్ముకైనా కొమ్మలు లేకపోవాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలి. దూరం నుంచి 13 అంగుళాలు ఎలా తెలుస్తుందంటే, నిక్కబొడిచిన చెవుల కొసల మధ్య వెడల్పు దాదాపు అంతే ఉంటుంది, దాంతో పోల్చుకుంటాం. అంటే చెవులే టేపు. ఫోటోలో చెవుల్ని వెనక్కి నొక్కిపెట్టి దాచేస్తే చూసేవాళ్ల చేతిలోంచి ఆ టేపు లాగేసుకున్నట్టే. చెవులు సహజంగా పక్కలకి ఉండనివ్వండి. తలని కాస్త పక్కకి తిప్పి ఒకటి, నేరుగా ఒకటి తీస్తే వెడల్పూ ఎత్తూ రెండూ ఉన్నవి ఉన్నట్టు తెలుస్తాయి. హిల్ కంట్రీ జింకలు దక్షిణ టెక్సస్ వాటి కంటే ఒళ్లు చిన్నవి, ఉన్నంతలోనే అవి అందంగా ఉంటాయి.

మీరు ఎక్కడ కూర్చోవాలి

జింక వెనక, నేల మీద, మోకాలి మీద. దాని మీద కూర్చోవద్దు, ఒరగొద్దు, కాలు ఆనించొద్దు. తల ఎత్తి పట్టుకోవాలంటే ఒక చేత్తో కొమ్ము మొదలు దగ్గర, పుర్రెకి అతుక్కున్న చోట పట్టుకోండి, కొసలు పిడికిట్లో మూసేస్తే పాయింట్లు కనిపించవు. రెండో చెయ్యి మెడ వెనక ఉండనివ్వండి. టోపీ అంచు పైకి జరపండి, లేకపోతే ఎండలో మీ కళ్లు నీడలో మునిగిపోతాయి. నవ్వొచ్చు. సంతోషంగా ఉంటే సంతోషం కనిపించడంలో తప్పేముంది. నోట్లో చుట్ట, చేతిలో బీరు, విజయ చిహ్నంగా వేళ్లు, ఇవి మాత్రం ఆ జింక పక్కన వద్దు.

రైఫిల్ ఫ్రేములో ఉండాలంటే బోల్ట్ తెరిచి, గొట్టం ఏ మనిషి వైపూ లేకుండా, కెమెరా వైపు అసలే లేకుండా నేల మీద పెట్టండి. కొమ్ములకి ఆనించి నిలబెట్టొద్దు, జారి పడుతుంది, చూడ్డానికీ బాగుండదు. మిగతా వేటగాళ్లకి కనబడేలా వేసుకునే ఆరెంజ్ వెస్ట్‌తో వేటాడితే ఫోటోకి విప్పకండి. టెక్సస్‌లో పబ్లిక్ భూముల్లో వేటకి అది తప్పనిసరి, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ లాంటి చోట్ల రైఫిల్ సీజన్లో ఎక్కడైనా తప్పనిసరి. ఆ రంగు ఫోటోలో కనిపిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లకి పాఠం కూడా అవుతుంది.

వెలుగు గురించి రెండు ముక్కలు. సూర్యుడు తీసేవాళ్ల వీపు వెనక ఉంటే మేలు. వైట్‌టెయిల్ గొంతు కింద తెల్లటి మచ్చ ఉంటుంది, ఎండలో అది తెల్ల కాగితంలా కాలిపోతుంది. స్క్రీన్ మీద ఆ తెలుపుని వేలితో తాకి, వెలుతురు గీతని కిందకి లాగండి, ఒక్కో వెంట్రుక తిరిగి కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఫోన్ ఫ్లాష్ నేరుగా కొట్టొద్దు. జింక కళ్లు ఆకుపచ్చగా మెరిసి భయంకరంగా వస్తాయి. హెడ్‌ల్యాంప్ ఇంకొకరి చేతికిచ్చి పక్క నుంచి, ఏటవాలుగా పట్టమనండి.

ఎంతసేపు

నవంబర్లో కూడా టెక్సస్‌లో మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులుంటాయి. మాంసం 40 డిగ్రీల కిందకి ఎంత త్వరగా వస్తే అంత మంచిది. చల్లటి ఉదయమైతే పదిహేను నిమిషాలు, ఎండ ఉంటే అయిదు. ఆ పైన ఫోటో ఎంత బాగా వస్తున్నా ఆపేసి కత్తి తీయండి. ఫోటో కోసం మాంసం పాడైతే ఆ జింకకి అంతకు మించిన అవమానం లేదు. నా రెండో సీజన్లో నేను ఈ తప్పు చేశాను, ఒక వెనక తొడ మొత్తం పారేయాల్సి వచ్చింది. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరికీ చూపించను.

ఆ నిమిషాల్లోనే మనుషులు లేని ఫోటోలు కూడా తీయండి. ముట్టె దగ్గరగా, చెట్లకి రుద్ది రుద్ది నున్నబడ్డ కొమ్ము మొదలు, అరిగిన గిట్ట, మీరు కూర్చున్న బ్లైండ్ (మాటు) నుంచి జింక పడ్డ చోటు వరకు ఉన్న ఆ మధ్య నేల. పదేళ్ల తర్వాత మీకు ఎక్కువగా గుర్తుండేది ఆ చివరిదే. ఆడజింకని వేటాడినా ఇదే శ్రద్ధతో తీయండి. కొమ్ములు లేవని ఫోటో తీయకుండా కూలర్లో సర్దేసేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

చుక్కల జింక అయితే

మనవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ యాక్సిస్ అనే జింక మన దుప్పి, మన చుక్కల జింకే. 1932లో టెక్సస్‌కి తెచ్చారు, ఇప్పుడు హిల్ కంట్రీలో కంచెలు దాటి మందలు మందలుగా తిరుగుతుంది. బయటి నుంచి వచ్చిన జంతువు కాబట్టి ప్రైవేటు భూమిలో దానికి సీజన్ లేదు, ట్యాగ్ లేదు, వేట లైసెన్సు మాత్రం ఉండాలి. కృష్ణజింకలు కూడా ఇక్కడి రాంచుల్లో ఉన్నాయి. కానీ ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటి వేట నేరం. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. మనవాళ్లకి వాటిని చూస్తే కలిగే భావం ఇక్కడివాళ్లకి కలిగేది కాదు.

నేను మూడేళ్ల కిందట ఒక యాక్సిస్ ఫోటో తమ్ముడికి పంపాను, వాడు ఇంకొకరికి పంపాడు, వారం తిరక్కుండా అది నల్లమలలో ఎవరో దుప్పిని చంపారన్న మాటతో మా బాబాయి ఫోన్‌కి చేరింది. "ఒరేయ్, ఇది నువ్వేనా? ఎక్కడున్నావురా అసలు? ఫారెస్టు వాళ్లు చూస్తే ఏమవుతుందో తెలుసా?" అని ఆయన కంగారుగా ఫోన్ చేశారు. అప్పటి నుంచి ఇండియాకి పంపే ప్రతి ఫోటో మీదే, కింద కాదు, ఫోటో మీదే, ఒక మూల "టెక్సస్, అమెరికా" అని, తేదీ, "లైసెన్సుతో" అని రాసి పంపుతున్నాను. విడిగా రాసిన మాట ఫార్వర్డులో రాలిపోతుంది, ఫోటో మీద రాసింది రాలదు. యాక్సిస్ మగజింకలకి గట్టి కొమ్ములు ఏ నెలలోనైనా ఉండొచ్చు కాబట్టి మండు వేసవిలో కూడా వేట ఉంటుంది. అప్పుడు పైన చెప్పిన అయిదు నిమిషాలు కూడా ఎక్కువే.

ఫోటోతో పాటు రాసే మాట

జింకని ఎవరు కొట్టారో వాళ్ల పేరే రాయండి. వెతికిపెట్టింది వేరేవాళ్లయితే వాళ్ల పేరూ రాయండి. జింకల్ని రప్పించడానికి మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ దగ్గర కొడితే ఫీడర్ దగ్గర అనండి, ఇక్కడ ప్రైవేటు భూమిలో అది చట్టబద్ధమే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎత్తు కంచె రాంచ్‌లో డబ్బు కట్టి వేటాడితే అది రాయండి. కంచె లోపలి జింకని అడవి జింకని చెప్పుకోవడం, కొమ్ములు చాచి చూపించడం కంటే పెద్ద అబద్ధం. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ రికార్డుల్లో, తప్పించుకోలేని కంచె లోపల కొట్టిన జింకలకి చోటే లేదు.

స్కోరు, అంటే కొమ్ముల కొలతలు కూడితే వచ్చే అంకె, అప్పుడే రాసేయకండి. ఆ క్లబ్ పద్ధతిలో అధికారికంగా కొలవాలంటే కొమ్ములు 60 రోజులు ఆరాలి, ఆరితే కొంచెం తగ్గుతాయి. ఈలోపు టేపు పెట్టి కొలిస్తే "అంచనా" అన్న మాట చేర్చండి. నేనైతే అంకె రాయడమే మానేశాను, వయసు ఎంత ఉండొచ్చో రాస్తాను.

ఎవరికి పంపాలి

ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటో నుంచి లొకేషన్ తీసేయండి. గేటు, రాంచ్ బోర్డు, బండి నంబరు ప్లేటు ఫ్రేములో ఉన్నాయేమో చూడండి. భూమి యజమాని మనల్ని నమ్మి తాళం చెవి ఇచ్చాడు.

మన క్యాలెండర్ కూడా చూడండి. నవంబర్ మొదటి వారమంటే ఎక్కువ ఏళ్లు కార్తీక మాసమే పడుతుంది. ఇంట్లో అమ్మ దీపాలు పెట్టుకుని, సోమవారం ఉపవాసం ఉన్న పూట కుటుంబం గ్రూపులో చచ్చిన జింక ఫోటో పెట్టకండి. చూస్తామన్నవాళ్లకి విడిగా పంపండి. పిల్లలు ఫోటోలో ఉంటే వాళ్లనీ, వాళ్ల అమ్మనీ అడగండి.

ఇక ప్రింట్లు. ఒక్క మంచి ఫోటో ఎంచుకుని రెండు కాపీలు తీయించండి. వెనక పెన్నుతో తేదీ, ఏ బ్లైండ్, ఎన్ని గజాల దూరం, గాలి ఎటు, ఎవరు పక్కనున్నారు అని రాయండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది డిసెంబర్లో భూమి యజమాని ఇంటికి తీసుకెళ్లి, కాగితంలో చుట్టిన బ్యాక్‌స్ట్రాప్ (వెన్ను పక్క మెత్తటి మాంసం) ప్యాకెట్‌తో పాటు ఆయన చేతిలో పెట్టండి. మా లీజు పెద్దాయన ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు నావి ఏడు ఉన్నాయి.